విగ్గు మామ, రెండు పాటల రికార్డులు

విగ్గు మామ పోయాడని కోడంబాక్కం ఇంటి ఓనరమ్మ పొద్దున్నే ఫోన్ చేసి చెప్పింది. ఆవిడది తమిళం. "విగ్గుకారర్ పోయిట్టారమ్మా" అని ఒక్క ముక్క అని ఫోన్ పెట్టేసింది. నాకు ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చిన ఆలోచన వేరు. ఆయనకు తలకొరివి పెట్టేది ఎవరు? పెళ్ళి చేసుకోలేదు, పిల్లలు లేరు, అన్నదమ్ములంటూ ఎవరూ మిగల్లేదు. పురసవాక్కం నుంచి బస్సులో వెళ్తున్నంతసేపూ నా బుర్రలో ఇదే తిరిగింది.

మీలో చాలామంది ఆయన పని చూసే ఉంటారు, ఆయన్ని మాత్రం చూసి ఉండరు. తెలుగు సినిమాల్లో రాజుల ఉంగరాల జుట్టు, మునుల జడలు, బట్టతల హీరోల నల్లటి క్రాపులు ఎన్నో ఆయన చేతిలోంచి వచ్చినవే. సన్నటి వల మీద సూదితో వెంట్రుక వెంట్రుకా ముడి వేస్తూ కూర్చునేవాడు. తెర మీద పేర్లు పడేటప్పుడు ఆయన పేరు పడేది కాదు. దాని గురించి ఆయనకు పెద్ద పట్టింపూ లేదు.

మద్రాసులోని ఆ కోడంబాక్కం ఇంటి కింది వాటాలో నేను అద్దెకు దిగేనాటికి తొంభైలు మొదలయ్యాయి. మా ఆయన కెమెరా అసిస్టెంటు. ఔట్‌డోర్ అని వెళ్తే ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. నేను తెలుగు బడిలో టీచర్ని. బడి నుంచి వచ్చాక మాట్లాడే మనిషి లేక, మేడ మీద ఎవరున్నారో చూద్దామని ఓ సాయంత్రం ఎక్కాను. గది నిండా చెక్క తలకాయలు. కొన్నిటికి జుట్టుంది, కొన్నిటికి లేదు. గుమ్మంలోనే ఆగిపోయాను.

"భయపడబాక టీచరమ్మా. ఇవి మాట్లాడేటివైతే నాకు ఈ కర్మెందుకు?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, వెంటనే కుర్చీ మీదున్న విగ్గు తీసేసి, దుమ్ము తుడిచి, నా ముందుకు జరిపాడు. అంత ఆత్రంగా నాకెవరూ కుర్చీ వెయ్యలేదు.

అక్కడే ఆ రికార్డులు మొదటిసారి చూశాను. రెండు పక్కలా చెరో పాట ఉండే చిన్న రికార్డులు, సింగిల్స్ అంటారు. అన్నీ ఒకే విదేశీ బ్యాండువి. అట్టల మీద అయిదుగురు మనుషులు, పెదాలకు గులాబీ రంగు, కళ్ళకు కాటుక, పులిచారల బిగుతు బట్టలు, తలల మీద కాకిగూళ్ళలాంటి జుట్టు. ఆ తరహా పాటను గ్లామ్ మెటల్ అంటారట. ఈయనకు ఇంగ్లీషు రాదు, సంగీతం రాదు. మరి ఇదెక్కడి పిచ్చి అనుకున్నాను.

పిచ్చి పట్టింది పొరపాటుగా. ఒక సినిమాలో క్లబ్బు డాన్సరుకు విగ్గు కావాలని ఎవరో ఆ అట్టల్లో ఒకటి తెచ్చి చేతిలో పెట్టారు. మామ అందులో నడుమ నిలబడ్డ అందగత్తెను చూసి, ముడికి ముడి తగ్గకుండా విగ్గు కట్టి ఇచ్చాడు. డాన్సు బాగా వచ్చింది, అందరూ మెచ్చుకున్నారు. ఆ తర్వాత స్టూడియోలో గిటారు వాయించే ఒకతను ఈ గదికి వచ్చి అట్ట చూసి, "మామా, ఇది ఆడది కాదు. డ్రమ్ములు వాయించేవాడు" అన్నాడట. మామ భూతద్దం తెచ్చి ఆ మనిషి నుదుటి దగ్గర కుదుళ్ళన్నీ చూశాడట.

"ఆడైతే ఏంది, మగైతే ఏంది? జుట్టు సొంతం. ఇంత జుట్టు పెట్టుకున్నోడు ఏం పాడినాడో ఇనొద్దా?" అని ఆ నెలలోనే పాత రికార్డు ప్లేయరు ఒకటి తెచ్చుకున్నాడు.

ఆ గిటారతనే ఆయనకు సింగిల్స్ తెచ్చిపెట్టేవాడు. వాళ్ళన్న ఓడలో పనిచేసేవాడు. రేవు రేవులో వెతికి తమ్ముడికి పంపేవాడు. గిటారతనిది తెలుగు క్రైస్తవ కుటుంబం, మెడలో సన్నటి సిలువ, నడుము దాకా జుట్టు. ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చేవాడు. వచ్చాడంటే ముందు అతన్ని కింద కూర్చోబెట్టి, జుట్టుకు నూనె రాసి, ఓపిగ్గా చిక్కు తీసి, ఆ తర్వాతే రికార్డు పెట్టేవాడు మామ. రికార్డు మీద దుమ్మును విగ్గులకు వాడే మెత్తటి బ్రష్షుతోనే తుడిచేవాడు. అట్టను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, పోయిన సింగిల్‌కీ దీనికీ ఎవరి జుట్టు ఎంత పెరిగిందో మాకు చెప్పేవాడు.

నాకైతే మొదట్లో రేకుల షెడ్డు మీద బిందెలు దొర్లించినట్టుండేది. కింద నుంచి ఓనరమ్మ అరిచేది. మామ చెయ్యెత్తి, "రవ్వంత ఓర్చుకోమ్మా" అనేవాడు. "దువ్విపెట్టినట్టుండే పాట నాకొద్దు. చిక్కు పడాల, మళ్ళా ఇడిపోవాల. అదిగో, ఈడ ఇడిపోయింది చూడు." నిజంగానే అక్కడ గిటారు ఒంటరిగా, సన్నగా మిగిలేది. గొంతు చించుకుని పాడేవాడి గురించి ఇంకో మాట అనేవాడు: "కోపం కాదు టీచరమ్మా. ఎవురినో పిలస్తావుండాడు. వాళ్ళు రాలా."

పది పాటలుండే పెద్ద రికార్డు కొనవచ్చు కదా అని ఒకసారి అడిగాను.

"బొమ్మ ఒకటే ఉంటాది దాని మీద. అయినా అంతసేపు ఎవురు కూర్చుంటారమ్మా మనింట్లో? ఇదైతే ఒక పక్క కాఫీ కాగేదానికి, ఇంకో పక్క తాగేదానికి సరిపోతాది. పోవాల్సినోళ్ళు పోవచ్చు."

తర్వాత అందరూ పోవడమే. తెలుగు సినిమా మూటాముల్లె సర్దుకుని హైదరాబాదు వెళ్ళిపోయింది. మేకప్ వాళ్ళు, కుట్టుపని వాళ్ళు, డాన్సు వాళ్ళు ఇళ్ళు ఖాళీ చేశారు. మామనూ రమ్మన్నారు. "ఆడికి పోతే నాకెవురు తెలుసు?" అన్నాడు. "ఈడ మాత్రం ఎవురుండారు మామా?" అన్నాను నేను కూడా ఆయన మాటలోనే. అని నాలుక కరుచుకున్నాను.

"ఈడ ఎవురూ లేరని తెలుసు గదమ్మా. ఆడైతే కొత్తగా తెలుసుకోవాల."

ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే చేస్తున్న పని ఆపేసి కూర్చుంటాను.

గిటారతనికి కూడా స్టూడియోల్లో పని తగ్గింది. బెంగుళూరులో ఓ హోటల్లో వాయించడానికి కుదిరాడు. వెళ్ళే ముందు ఆదివారం కొత్త సింగిల్ తెచ్చాడు. ఈసారి రికార్డు కాదు, చిన్న సీడీ. దాన్ని వేసేందుకు మామ దగ్గర మిషనే లేదు. అతనే ఓ టేప్‌లోకి ఎక్కించి తెచ్చాడు. మామ మాత్రం అట్ట చూసి ఆగిపోయాడు. అయిదుగురూ మామూలు చొక్కాలు వేసుకుని, జుట్టు పొట్టిగా కత్తిరించుకుని నిలబడ్డారు. రంగులు లేవు, కాటుక లేదు.

"ఎవురు పోయినార్రా వీళ్ళింట్లో?" అన్నాడు మామ.

గిటారతనికి నవ్వొచ్చింది. "ఎవరూ పోలేదు మామా. ఫ్యాషన్ మారింది. ఇప్పుడు అక్కడ పెద్ద జుట్టు ఎవరికీ వద్దంట."

మామ నమ్మలేదు. "ఐదు మందీ ఒక్కసారి తీసేసినారంటే ఇంటికి పెద్ద తలకాయే పోయుంటాది. నీకు చెప్పలా, అంతే." టేప్ వేస్తుంటే వద్దన్నాడు. దుఃఖంలో ఉన్నవాళ్ళ పాట కాఫీ తాగుతూ వినకూడదన్నాడు. ఆ రోజు రికార్డు లేకుండానే, జుట్టుకు నూనె మాత్రం రాసి పంపించాడు.

మేమూ కొన్నాళ్ళకు పురసవాక్కం మారాం. నెలకోసారి వెళ్ళేదాన్ని. ఆయన దగ్గర ఆర్డర్లు లేవు. తయారైన విగ్గులనే విప్పి మళ్ళీ ముడులు వేస్తుండేవాడు. కాఫీ ఇచ్చేవాడు. నేను లేవబోతే, "ఇంకో పక్క ఉండాది గదా" అనేవాడు.

ఆ రోజు బస్సు దిగి నేను చేరేసరికి ఆయన్ని కిందికి దించి వాకిట్లో పడుకోబెట్టారు. మిగిలిన మేకప్ వాళ్ళు నలుగురైదుగురు, వీధివాళ్ళు కొందరు. వాళ్ళలో పెద్దాయన, "కర్త లేడు గదప్పా. ఆడుండే కాటి మనిషి చేతనే కానిచ్చేద్దాం" అంటున్నాడు. నాకు ఒళ్ళు మండింది. కానీ మండి ఏం చేస్తాను, ఆ పని ఆడవాళ్ళను చెయ్యనివ్వరు.

మధ్యాహ్నం దాటాక, పాడె కడుతుండగా గిటారతను వచ్చాడు. బెంగుళూరు బస్సు దిగి ఆటోలో నేరుగా వచ్చినట్టున్నాడు, భుజాన సంచి కూడా దించలేదు. హోటల్‌కి ఫోన్ చేసి చెప్పింది ఓనరమ్మేనట. మామ మొహంలోకి చూశాడు. కర్త లేడన్న విషయం ఎవరో చెప్పారు.

"నేను పెడతా," అన్నాడు.

పెద్దాయన అతని మెడలోని సిలువ వంక చూశాడు. "ఎత్తండప్పా" అన్నాడు. పాడె లేచింది.

మగవాళ్ళు తిరిగి వచ్చేసరికి పొద్దు వాలింది. ఓనరమ్మ వాకిట్లో బకెట్టుతో నీళ్ళు పెట్టింది. ఒక్కొక్కరే వచ్చి కాళ్ళు కడుక్కుని వెళ్ళిపోతున్నారు. చివర వచ్చిన మనిషిని నేను పోల్చుకోలేదు. తడి పంచె, నున్నటి గుండు, కత్తి గీరిన చోట చిన్న ఎర్రటి గాటు. సిలువ చూశాక తెలిసింది. చెంబు ముంచడానికి వంగినవాడు, జుట్టు మొహం మీద పడుతుందని కాబోలు, అలవాటుగా చెయ్యెత్తి చెవి వెనక్కి తోసుకోబోయాడు. వేళ్ళకు ఏమీ తగల్లేదు. చెయ్యి కాసేపు అలాగే చెవి పక్కన ఉండిపోయింది.