తూకం మేస్త్రి గిటార్

ఆయన అసలు పేరేమిటో కలప అడితిలో కూడా ఎవరికీ తెలియదు. అందరికీ ఆయన తూకం మేస్త్రి. చెక్క కొనేముందు దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంటాడు, పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తి, కళ్లు మూసుకుని ఒక్క క్షణం ఆగుతాడు. తర్వాత వేలి కణుపుతో టకటకా రెండు దెబ్బలు. బరువుంటే కొంటాడు, లేకపోతే అడితివాడు బతిమాలినా వెనక్కి తిరిగి చూడడు. ముప్పై ఏళ్లలో ఆయన బిగించిన తలుపు ఒక్కటీ వానలకి ఉబ్బి గుమ్మంలో ఇరుక్కోలేదు. ఈ మాట ఆయన ఎప్పుడూ చెప్పుకోడు. పనిలో తోడుండే బావమరిది చెబుతాడు, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ.

అలాంటి మనిషికి ఉలి జారింది. ఉలికి ఎదురుగా చెయ్యి పెట్టొద్దని ఎందరికో నెత్తిన మొట్టి మరీ నేర్పినవాడు, ఆ రోజు ఏ తొందరలో ఉన్నాడో, ఎడమ చేత్తో చెక్క అదిమిపట్టి కుడిచేత్తో ఉలిని తోశాడు. ఎడమ చేతి నడిమి వేలు, దాని పక్కనున్న ఉంగరం వేలు, రెండింటిలోనూ వేలిని వంచే నరాలు తెగాయి. ఆసుపత్రిలో కుట్లు వేసి అతికారు. కుట్లు మానాయిగానీ వేళ్లు మాత్రం వంగేది లేదని మొండికేసి కూర్చున్నాయి. సుత్తి కొట్టే చెయ్యి బాగానే ఉంది, ఉలి పట్టే చెయ్యే లేదు. ఉలి పట్టని వడ్రంగి ఏం చేస్తాడు? కొట్టు ముందు స్టూలు వేసుకుని కూర్చుని, బావమరిది చేసే పనిలో వంకలు వెతుకుతాడు. మేస్త్రి అదే చేశాడు. రెండు వారాలకి బావమరిదికి కూడా విసుగొచ్చింది.

వేళ్లకి కసరత్తు చేయించే డాక్టరమ్మ నిక్కచ్చి మనిషి. ఇంకో నెలన్నరలో వేళ్లు వంగడం మొదలవ్వాలని, లేకపోతే అతికిన నరం లోపలే చుట్టుపక్కల కండకి అంటుకుపోయి జీవితాంతం అలాగే ఉండిపోతుందని చెప్పేసింది. మైనపు ముద్ద ఇచ్చి పిసకమంది. మేస్త్రి రెండు రోజులు పిసికి మూడో రోజు దాన్ని కిటికీలో పెట్టేశాడు. పనికిరాని పని చెయ్యడం ఆయనకి పుట్టుకతోనే రాదు. సరే, ప్రతి వేలూ విడివిడిగా నొక్కే పని ఏదైనా ఉంటే చూసుకో, ఏదైనా వాయిద్యమైనా పర్వాలేదు అందామె. హార్మోనియం అనుకున్నాడు. దాంట్లో ఎడమ చేతికి గాలి కొట్టే పనే తప్ప ఇంకేం లేదు. అలా తేలింది గిటార్.

భార్య ఇంట్లోనే మిషన్ కుడుతుంది. ఆవిడ నవ్వలేదు, ఒక తలుపు కూలికి మించకుండా చూసుకోమని మాత్రం అంది. నవ్వే పని బావమరిది చూసుకున్నాడు. "ఏం బావా, ఇకనించి తలుపులు పాడతాయా?"

గిటార్ల దుకాణం మేడ మీద ఉంది. ఇరుకు మెట్లు, పైన ఒకే గది, గోడ నిండా మెడలు పట్టి వేలాడదీసిన గిటార్లు. తీగలు బిగించి శ్రుతి చేసే అమ్మాయే దుకాణం కూడా చూసుకుంటోంది. మేస్త్రి అడితికి వెళ్లినట్టే వెళ్లాడు. ఒక్కోటీ దింపించుకుని ఎత్తాడు, కణుపుతో కొట్టాడు, అతుకుల మీద గోరు పెట్టి గీసి చూశాడు. ఆ అమ్మాయి చెప్పాల్సింది చెబుతూనే ఉంది: మెడ పొడుగునా తీగకీ చెక్కకీ మధ్య ఎంత సందుందో చూడాలని, తీగని మెడ మీది కింది గళ్లలోనూ పై గళ్లలోనూ నొక్కి చూడాలని, మొదటిసారి కొనేవాళ్లు మెరుపు చూసి మోసపోతారని. మేస్త్రి ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాడు. చెక్క గురించి ఆయనకి ఒకరు చెప్పేదేముంది?

ఆమె మెరుపులేని పల్చటి గిటార్ ఒకటి తెచ్చి చేతికిచ్చింది. పట్టుకుంటే పట్టుకున్నట్టే లేదు.

"ఇది గాల్లో ఎగిరిపోయేలా ఉందే. లోపల ఏముందమ్మా ఇందులో?"

"లోపల ఏమీ ఉండకూడదు బాబాయ్. తలుపంటే మూసుకోడానికి. ఇది మోగాలి కదా."

ఆయన ఆ గిటార్ని మర్యాదగా వెనక్కిచ్చేసి, గోడ మీద ఉన్నవాటిలో అన్నింటికన్నా బరువైనదాన్ని, అద్దంలా మెరుస్తున్నదాన్ని, అతుకులో వెంట్రుక కూడా దూరనిదాన్ని కొనుక్కుని మెట్లు దిగాడు. నచ్చకపోతే నెలలోపు తెచ్చి మార్చుకోవచ్చని ఆ అమ్మాయి పైనుంచి చెప్పింది.

ఇంటికెళ్లాక అసలు సంగతి తెలిసింది. ఆ గిటార్ తీగలు మెడకి చాలా ఎత్తున ఉన్నాయి, బట్టలారేసే తాడులా. మంచి వేళ్లతో నొక్కడానికే పళ్లు బిగించాలి. కుట్లు పడ్డ వేళ్లకైతే ప్రాణం మీదికొస్తోంది. పది రోజులు పట్టుదలగా కూర్చున్నాడు. నొక్కితే తీగ కిందికి రాదు, వచ్చినా మోగదు, వేలు మాత్రం మంటెక్కిపోతుంది. పదకొండో రోజు దాన్ని తీసుకెళ్లి బీరువా మీద పెట్టాడు. తప్పు వేళ్లదే అనుకున్నాడు. ఇక ఇవి రావనుకున్నాడు. అన్నం తింటున్నంతసేపూ ఆ చేతిని ఒళ్లోంచి పైకి తియ్యలేదు.

భార్య రెండు రోజులు చూసింది. మూడో రోజు మిషన్ ఆపింది.

"కొత్త చెప్పు కరిస్తే కాలు కోసుకుంటామా? చెప్పు మార్చుకోండి."

"మంచి చెక్కే. నేనే ఏరి తెచ్చా."

"మీరు ఏరింది చెక్కని. వాయించేదాన్ని కాదు."

మేస్త్రికి ఆ మాట గట్టిగానే తగిలింది. అడితిలో పదిమందికి చెక్క ఏరిపెట్టే మనిషి, మేడ మెట్లెక్కి ఓ చిన్నపిల్ల ముందు తప్పు ఒప్పుకోవాలి. రోజంతా ఆలోచించి, చివరికి గిటార్‌ని పాత దుప్పట్లో చుట్టుకుని బయల్దేరాడు.

ఆ అమ్మాయి ముందే చెప్పానుగా అనలేదు. దుప్పటి విప్పింది, మెడ మీద సందు చూసి తలాడించింది, మార్చి ఇద్దామనే గిటార్‌ని తిరగేసింది. తిరగేసి అలాగే ఉండిపోయింది. వెనకాల, మెడ మొదట్లో, చెక్క మందంగా ఉన్నచోట చక్కగా కొలిచి బిగించిన ఇత్తడి కొక్కెం ఉంది.

"ఇదేంటి బాబాయ్?"

"గోడకి తగిలించుకోడానికి. నాలుగు పనిముట్లు ఎక్కడుంటే ఇదీ అక్కడే ఉండాలి కదా."

"ఇదెక్కడ చూశారు మీరు?"

"రంపానికి ఉంటుంది."

కొన్న రోజే బిగించాడు. దుమ్ము పట్టకుండా వార్నిష్ కూడా ఓ పూత వేశాడట. ఆమె నవ్వు ఆపుకోలేక కాసేపు కిటికీ వైపు తిరిగింది. బేరం అక్కడితో ముగిసింది. కొక్కెం ఉన్న గిటార్ని ఏ దుకాణమూ వెనక్కి తీసుకోదు.

కానీ ఆ అమ్మాయి ఒట్టి చేతులతో పంపలేదు. తీగలు వదులు చేసి, గిటార్ పొట్ట మీద తీగల్ని మోసే తెల్లటి పలకని గాడిలోంచి ఊడదీసి ఆయన అరచేతిలో పెట్టింది. వేలెడు పొడవు, అట్టముక్కంత మందం. దాని అడుగున అరగదీస్తే తీగలు కిందికి దిగుతాయంది. ఎక్కువ అరగదీస్తే తీగలు మెడకి తగిలి గరగరమంటాయి, అడుగు వంకరగా వస్తే మోత చచ్చిపోతుందంది. తనే చేసిస్తాను గానీ చేతిలో పని చాలా ఉంది, వారం ఆగాలంది. డాక్టరమ్మ పెట్టిన గడువు మూడు వారాలకొచ్చింది. వారం ఎవరాగుతారు? పైగా అరగదీసే పని ఇంకొకళ్లకి ఇచ్చి తను చూస్తూ కూర్చోవడమా?

పలక జేబులో వేసుకుని నేరుగా కొట్టుకెళ్లాడు. బల్లకున్న ఇనప పట్టులో బిగిద్దామంటే అంచులు పెచ్చులూడేలా ఉన్నాయి. అద్దం ముక్క మీద గరుకు కాగితం పరిచి, పలకని నిలబెట్టి, రెండు చేతుల వేళ్లతో రెండు చివర్లూ సమంగా అదిమి ముందుకీ వెనక్కీ లాగాలి. వేరే దారి లేదు. బావమరిది తెమ్మని చెయ్యి చాపాడు. మేస్త్రి ఇవ్వలేదు.

మొదటి రోజు ఇరవైసార్లు లాగి, మూలమట్టపు ఇనప బద్దకి ఆనించి వెలుతురుకి ఎత్తి చూశాడు. కుడివైపు అరిగింది. ఎడమవైపు అలాగే ఉంది, అరిగినవైపు కింద నుంచి సన్నగా వెలుతురు దూరుతోంది. ఎడమ వేళ్లలో ఎంత బలం తక్కువో ఇంత ఖచ్చితంగా ఆయనకి ఏ డాక్టరూ చూపించలేదు. ఆయనకి బాధ కలగలేదు, పని దొరికింది. వంకర అడుగు చూస్తే వడ్రంగికి నిద్ర పట్టదు.

అప్పట్నుంచి పొద్దున పది, మధ్యాహ్నం పది, సాయంత్రం పది. ఎడమ వైపు మీదే ధ్యాస. నడిమి వేలు ముందు లొంగింది. రెండో వేలు పక్కకి జారిపోయేది, మళ్లీ తెచ్చి పెట్టేవాడు. వేలు వంచాలని ఎప్పుడూ అనుకోలేదు, పలక నిలబెట్టాలని మాత్రమే అనుకున్నాడు. ఆరో రోజు మూలమట్టం కింద వెలుతురు ఎక్కడా దూరలేదు. బావమరిదిని పిలిచి చూడమన్నాడు. వాడు ఒక కన్ను మూసి చూసి, తలుపు కన్నా దీన్నే ఎక్కువ ముద్దు చేశావన్నాడు.

పలక పెట్టి తీగలు బిగించాక సందు సగానికి దిగింది. ఆ సాయంత్రం నడిమి వేలితో నొక్కితే తీగ గంట కొట్టినట్టు మోగింది. మిషన్ మీదున్న భార్య తల ఎత్తింది. రెండో వేలితో నొక్కితే మొద్దుగా, ముక్కు దిబ్బడేసినట్టు పలికింది. ఇంకో పది రోజులకి దాని దిబ్బడా వదిలింది. బరువైన చెక్క కదా, మోత పెద్దగా లేదు, పక్కింటిదాకా వెళ్లదు. ఈ మాట ఆయనే ఒప్పుకున్నాడు.

గడువు రోజున డాక్టరమ్మ కొలిచి చూసింది. నడిమి వేలు దాదాపు పూర్తిగా వంగుతోంది. రెండోది ముప్పాతిక వంతు వస్తోంది, నరం అంటుకుపోలేదు, ఇంకా వస్తుంది అంది. ఏం చేశావని అడిగితే, ఓ పలక అరగదీశానన్నాడు. ఆవిడకి అర్థం కాలేదు.

మర్నాడు కొట్టులో ఒక కొత్త తలుపు బల్ల మీద అడ్డంగా పడి ఉంది, మూడు మడతబందులకీ గాళ్లు తియ్యాలి. మేస్త్రి ఉలి తీసుకుని ఎడమ చేత్తో పట్టాడు. రెండో వేలు పిడి చుట్టూ పూర్తిగా రాలేదు, పక్కన ఆనుకుని ఉండిపోయింది. చాలనుకున్నాడు. కొయ్య సుత్తితో చిన్నగా, చెవితో వింటూ కొట్టాడు. బావమరిది అటు మొహం తిప్పుకుని ఇంకో తలుపు పనంతా ముగించేసరికి ఆయన ఒక్క గాడి పూర్తి చేశాడు. బావమరిది వచ్చి లోపల వేలు పెట్టి లోతు చూశాడు. మిగతా రెండు గాళ్లకీ పెన్సిల్‌తో గుర్తులు గీసి, ఉలి మేస్త్రి చేతి దగ్గరగా జరిపి, గుమ్మం చెక్క కొయ్యడానికి అవతలికెళ్లాడు.