కేబుల్ గదిలో మూసిన వాల్వు

ఒక మనిషి తన చేతుల్ని తానే నమ్మలేకపోవడానికి కారణం నేను. ఈ మాట ఏళ్ళ తరబడి నా గుండెల మీద బండరాయిలా కూర్చుంది. అన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. పేరు దాచుకుని చెప్పేది కూడా ఒక ఒప్పుకోలేనా అని మీరు అడగవచ్చు. అడగండి. నా మీద నాకూ ఆ కోపమే ఉంది.

మిషిగన్‌లో ఒక నగరం. ఇక్కడ కరెంటు ప్రైవేటు కంపెనీది కాదు, నగరానిదే. నేను ఆ కరెంటు ఆఫీసులో ఎలక్ట్రికల్ ఇంజనీర్‌ని. సబ్‌స్టేషన్లలో మంటలు ఆర్పే ఏర్పాట్లు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో పరీక్షించే పని బయటి కాంట్రాక్టర్‌కి ఇస్తారు. ఆ కాంట్రాక్టు వ్యవహారం చూసేది నేను. అప్పట్లో ఆ కాంట్రాక్టర్ మన తెలుగాయనే. రామ్మోహన్ గారు అందాం, అసలు పేరు అది కాదు. గుంటూరు వైపు మనిషి. అరవై దాటాయి. చిన్న కంపెనీ పెట్టుకుని ఇద్దరు ముగ్గురు మనుషులతో నడుపుకునేవారు. టెండర్‌లో నెగ్గి వచ్చినవారే, నేను తెచ్చినవారు కాదు. మా అమ్మాయికి ఆయన అంకుల్. నాకూ అంకులే.

ఆ కాంట్రాక్టును తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పరీక్ష చేయడానికి కాంట్రాక్టు ఉంది. తేలిన లోపాన్ని బాగు చేయాలంటే మాత్రం వేరే ఆమోదం కావాలి, ఆ ఆమోదం ఏనాడూ రాదు. రోగం ఏమిటో చెప్పినందుకు డాక్టర్‌కి ఫీజు ఇచ్చి, మందు మాత్రం కొనకుండా ఇంటికి వచ్చినట్టు. ఈ పైపు కీలు వదులైంది, ఈ అలారం ప్యానెల్ మార్చాలి అని రామ్మోహన్ గారు వచ్చిన ప్రతిసారీ చెప్పేవారు. వచ్చే ఏడు చూద్దాం అనేవాళ్ళం. అందుకే కేబుల్ గదిలోని ప్యానెల్ మీద పసుపు లైటు ఎప్పుడూ వెలుగుతూ ఉండేది, ప్యానెల్ ఎప్పుడూ కూస్తూ ఉండేది. లోపలికి ఎవరు వెళ్ళినా ముందు చేసే పని మోత ఆపే బటన్ నొక్కడం. నేనూ నొక్కేదాన్ని. ఇంజనీర్లం, పెద్ద చదువులు చదివినవాళ్ళం, హెచ్చరికను నోరు మూయించడమే పని అనుకున్నాం.

బయటివాళ్ళు సబ్‌స్టేషన్‌లో ఒంటరిగా ఉండకూడదు. మా మనిషి ఒకరు వెంట ఉండాలి. ముందు లోపలికి వెళ్ళేదీ, అందరికన్నా చివర బయటికి వచ్చేదీ మా మనిషే. ఆ శుక్రవారం కేబుల్ గదిలో ఆ మనిషిని నేను. రామ్మోహన్ గారు పని ముగించి, పరీక్ష కోసం మూసిన, స్ప్రింక్లర్లకు నీళ్ళు వదిలే వాల్వును నా కళ్ళ ముందే మళ్ళీ తెరిచారు. చక్రం ఇక తిరగనంత వరకు తిప్పారు. సామాను సర్దుకుని, వెళ్ళొస్తానమ్మా అని వ్యాన్ ఎక్కి వెళ్ళిపోయారు.

తాళం వేయబోతూ పైకి చూశాను. ఆయన ఏళ్ళుగా మొత్తుకుంటున్న ఆ కీలు దగ్గరే నీళ్ళు చుక్క చుక్కగా కారుతున్నాయి. కింద కేబుళ్ళు. కరెంటు పని చేసేవాళ్ళకు నిప్పుకన్నా నీళ్ళంటేనే భయం ఎక్కువ. చదువుకునే రోజుల నుంచి మాకు నూరిపోసింది అదే. వెనకా ముందూ చూడలేదు. వాల్వు మూసేశాను. ప్యానెల్ కూసింది. బటన్ నొక్కాను. కారెక్కగానే అంకుల్‌కి ఫోన్ చేసి, సోమవారం వచ్చి ఆ కీలు సంగతి చూడమని చెబుదాం అనుకున్నాను.

కారెక్కగానే మా ఆయన ఫోన్. నా గ్రీన్‌కార్డ్ కోసం సిటీ వేసిన ఐ-140 అర్జీ అప్రూవ్ అయిందట. హెచ్-1బి వీసా మీద బతికే ఇంట్లో ఆ మాట వింటే ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకు తెలుసు. అటు నుంచి అటే స్వీట్లు కొనుక్కుని ఇంటికి వెళ్ళాను. ఆదివారం నలుగురినీ భోజనానికి పిలిచాం. రామ్మోహన్ గారూ, ఆయన భార్య, మా ఆంటీ, కూడా వచ్చారు. ఆయన నా ఎదురుగా కూర్చుని గారెలు తిన్నారు. వడ్డించింది నేనే. వాల్వు సంగతి నోటి దాకా కాదు, మనసు దాకా కూడా రాలేదు. అంత శుభ్రంగా ఎలా మరిచిపోయాను? 

కొన్ని వారాలకు ఆ గదిలో మంటలు లేచాయి. స్ప్రింక్లర్ల నుంచి చుక్క నీరు రాలేదు. ఫైరింజన్లు వచ్చేసరికి కేబుళ్ళు బూడిదయ్యాయి, ఊళ్ళో చాలా భాగం చీకటైంది. ఎవరి ప్రాణమూ పోలేదు కదా అని ఆఫీసులో ఒకరినొకరు ఓదార్చుకున్నారు. నాకు మాత్రం ఆ వార్త విన్న క్షణంలోనే అంతా గుర్తొచ్చింది. నా చేతి కింద చక్రం తిరగడం, నీటి చుక్కలు ఆగడం, నేను హమ్మయ్య అనుకోవడం.

విచారణలో వాల్వు మూసి ఉందని తేలింది. దాన్ని ముట్టుకున్నది కాంట్రాక్టర్ కనుక తప్పు కాంట్రాక్టర్‌దే అన్నారు. చివర బయటికి వచ్చేది మా మనిషేనని ఆ బల్ల చుట్టూ కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. ఆయన వెళ్ళాక నువ్వేం చేశావని ఒక్కరైనా నన్ను అడగాలి కదా? అడగలేదు. నన్ను అడిగితే, ఆ పసుపు లైటు ఏళ్ళ తరబడి ఎందుకు వెలుగుతోందని తమను తాము కూడా ప్రశ్నించుకోవాలి. తిలా పాపం తలా పిడికెడు అంటారు. మావాళ్ళు పిడికెళ్ళన్నీ తెచ్చి ఆయన ఒక్కరి దోసిట్లో పోశారు. నేను దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను.

ఆ వారంలోనే ఆయన మా ఇంటికి వచ్చారు. రమ్మన్నా లోపలికి రాలేదు. గరాజ్ ముందు నిలబడే మాట్లాడారు.

"అమ్మా, ఒక్కమాట అడుగుతా, ఏమనుకోవద్దు. ఆ రోజు నేను వాల్వ్ ఓపెన్ చేశానా లేదా? నువ్వు పక్కనే ఉన్నావు గదా. చేసినట్టే గుర్తు నాకు. కానీ వాళ్ళు అన్నిసార్లు అడుగుతుంటే నా మీద నాకే డౌటొస్తోంది."

"నాకూ సరిగ్గా గుర్తు లేదు అంకుల్. ఫోన్ చూసుకుంటున్నానేమో."

ఆయన కాసేపు నా మొహంలోకి చూసి తల ఊపారు.

"పోనీలేమ్మా. వయసైపోయింది నాకు. చెయ్యి ఒకటి చేస్తే బుర్ర ఇంకోటి అనుకుంటుందేమో. నీ గ్రీన్‌కార్డ్ టైమ్‌లో నిన్ను ఇందులోకి లాగటం ఎందుకులే."

ఆ చివరి మాటకు నాకు కోపం వచ్చింది. అవును, ఆయన మీదే. ఇంత మంచితనం ఎవరు అడిగారు? నాలుగు కేకలు వేస్తే ఆయన సొమ్మేం పోయింది? మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు. విచారణలోనూ ఆయన అలాగే, మరిచిపోయానేమో, కాదని గట్టిగా చెప్పలేను అన్నారు. ఆ నిజాయితీనే ఆయన మెడకు చుట్టారు. కాంట్రాక్టు రద్దయింది. తరువాత ఎవరూ పని ఇవ్వలేదు. కంపెనీ మూతపడింది. కాంట్రాక్టర్లతో చనువు కూడదని మా ఆఫీసులో ఒక రూలు ఉంది. గారెలు వడ్డించినప్పుడు గుర్తు రాని ఆ రూలు, ఆయన ఫోన్ ఎత్తకుండా తప్పించుకోవడానికి మాత్రం భలే పనికొచ్చింది.

వీసా పోతుందని భయపడ్డాను. అది నిజమే. ఉద్యోగం పోతే పిల్ల చదువు మధ్యలో ఆపించి దేశం వదలాలి. కానీ చాలా ఏళ్ళకు గ్రీన్‌కార్డ్ వచ్చింది కదా, అప్పుడు చెప్పానా? కాలిన గదిని కొత్తగా కట్టించే పని నాకే ఇచ్చి, బాగా చేశావని అందరిలో మెచ్చుకున్నారు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగినట్టు, ఆయన బతుకు కాలిన చోట నేను పేరు తెచ్చుకున్నాను. అప్పుడు చెప్పానా? భయం ఎప్పుడో పోయింది. మిగిలింది సుఖం. దానికే భయమని పేరు పెట్టుకుని, పాపం నేనేం చేయగలను అని నన్ను చూసి నేనే జాలిపడ్డాను. సిగ్గులేని జాలి.

ఈ మధ్య ఒక పెళ్ళి రిసెప్షన్‌లో ఆంటీ కనిపించారు. ఆయన్ను మెమొరీ టెస్ట్‌లకు తీసుకువెళ్ళారట. ఏ లోపమూ లేదని డాక్టర్ చెప్పినా ఆయన నమ్మడం లేదట. స్టవ్ ఆపానా లేదా అని దారిలోంచి కారు వెనక్కి తిప్పిస్తారట. ఇప్పుడు డ్రైవింగే మానేశారట. ఆ సబ్‌స్టేషన్ గొడవ దగ్గర మొదలైందమ్మా అని, నా చెయ్యి పట్టుకుని, నాకు చెప్పుకుని ఏడ్చారు. ఆయన కాంట్రాక్టు పోగొట్టాననే ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆయన తెలివి మీద ఆయనకున్న నమ్మకాన్ని తీసేసుకున్నానని అప్పుడు తెలిసింది.

మళ్ళీ వాయిదా వేస్తానని నా మీద నాకే భయం వేసి, ఆఫీసు తెరవగానే డైరెక్టర్ గదిలోకి వెళ్ళి చెప్పేశాను. పాత కేసు, లాయర్లతో మాట్లాడాలి, అప్పటిదాకా ఎవరితోనూ అనవద్దు అన్నారు. మళ్ళీ అదే బటన్. ఈసారి నేను నొక్కదలచుకోలేదు. పార్కింగ్ లాట్‌లోంచే రామ్మోహన్ గారికి ఫోన్ చేశాను.

క్షమించమని అడగలేదు. ఏ మొహంతో అడగను? వాల్వు మీరు తెరిచారు, మూసింది నేను, మీరు అడిగిన రోజున కూడా నాకు గుర్తుంది అని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. 

"ఫుల్‌గా ఓపెన్ చేశానా?" అన్నారు.

"ఫుల్‌గా అంకుల్. నేను చూశాను."

తిడతారని ఎదురుచూశాను. తిట్టలేదు. పోనీలేమ్మా అని కూడా అనలేదు. ఫోన్ ఎక్కడో పెట్టేసిన చప్పుడైంది. దూరంగా ఆంటీని పిలుస్తున్న ఆయన గొంతు వినిపించింది. "ఏమేవ్, ఇటు రా! నేను ఓపెన్ చేశానంట! ఫుల్‌గా చేశానంట! నేను మర్చిపోలా!" ఆ గొంతులో ఏడుపు ఉంది. ఆంటీ ఏదో అడుగుతున్నారు, ఆయన మళ్ళీ మళ్ళీ అదే చెబుతున్నారు. ఏళ్ళ తరువాత నాకు గుండె నిండా ఊపిరి అందింది, అందినందుకు సిగ్గేసింది. నేను ఇంకా లైన్‌లోనే ఉన్నానన్న సంగతి వాళ్ళిద్దరికీ పట్టలేదు.