పుట్టని యువరాజుకు పాలదాది

లండన్ దగ్గరి కింగ్‌స్టన్‌లో పడవ నడిపే బార్నబీ భార్య ఆవిస్ ముగ్గురిని కని ముగ్గురినీ బతికించుకుంది. ఇంగ్లండ్ మేరీ రాణి తొలి కాన్పుకని హాంప్టన్ కోర్టు ప్యాలెస్‌వాళ్లు పాలదాదుల కోసం వెతుకుతుంటే, ఎవరో ఆ మాటే చెప్పి ఆమెను చూపించారు. తొలి నెల పాలిస్తే చాలు, తర్వాత ఓ గొప్పింటి దాది వస్తుందన్నారు. చంటిది పార్నెల్‌కు అప్పటికి మూడు నెలలు. దాన్ని వంతెన దగ్గరుండే బాలింత మాడ్లిన్‌కు అప్పగించి, ఏప్రిల్‌లో ఆవిస్ ప్యాలెస్‌కు వెళ్లింది. జూన్‌కల్లా తిరిగొస్తానని లెక్క వేసుకుంది.

రాజబిడ్డ పాలను మరో బిడ్డ ముట్టకూడదు. అందుకని పార్నెల్‌ను గేటు దాటనివ్వలేదు. పాలు ఎండిపోకుండా ఆవిస్ రోజూ పొద్దున్నే గిన్నెలోకి పిండేది. దాదులపై పెత్తనం చేసే ఉర్సులా దొరసాని ఒక చుక్క గోటిమీద వేసుకుని, చిక్కదనం చూసి, వాసన చూసి, మిగతావి తూములో పోయించేది.

ఏప్రిల్ చివర్లో కొడుకు పుట్టాడని లండన్‌లో గంటలు మోగించి, వీధుల్లో మంటలు వేసి మరీ బీరు తాగారట. తర్వాత చూస్తే ఉత్త పుకారు. వైద్యులు లెక్క తప్పిందన్నారు, మే నెలాఖరన్నారు. మే పోయింది. జూన్ అన్నారు.

"నా పనే నయం," అంది ఉయ్యాల ఊపడానికి పెట్టుకున్న సిబిల్. "ఖాళీ ఉయ్యాల ఊపీ ఊపీ నాకే నిద్ర ముంచుకొస్తోంది."

"నీకు వేళాకోళంగా ఉందే! ఇక్కడ నా పాలు తూములో పోతున్నాయి, అక్కడ నా పిల్ల ఎవరి దయమీదో బతుకుతోంది."

"మరి అడగరాదూ, ఎప్పుడు పుడతాడని?"

"నువ్వడుగు, నీ చెవులు నీకు బరువైతే."

సిబిల్ నవ్వు ఆపేసింది. అలాంటి మాట అన్నందుకు బజారులో ఒకడి చెవి కోశారని ఇద్దరూ విన్నారు.

జూలైలో బార్నబీ పడవను ప్యాలెస్ రేవు మెట్లకు ఆనించి భార్యను పిలిపించాడు.

"మాడ్లిన్‌కు పాలు తగ్గాయే. దాని బిడ్డకే చాలడం లేదు. మనది చిక్కిపోయింది."

"రేపు నాలుగు వెల్లుల్లి గడ్డలు పట్రా."

"ఎందుకే?"

"తింటా. కంపుకొట్టే దాదిని ఎవరుంచుకుంటారయ్యా?"

వెల్లుల్లి తిన్న దాదిని ఆ పూటే సాగనంపడం అక్కడి నియమం. ఆవిస్ పచ్చి రెబ్బలు నమిలి మింగింది, కళ్లలో నీళ్లు కారుతున్నా ఆపలేదు. పొద్దున దొరసాని చుక్క వాసన చూసి ముక్కు చిట్లించింది.

"వెల్లుల్లి తిన్నావా?"

"తిన్నానమ్మగారూ. నన్ను పంపేయండి."

దొరసాని లేచి తలుపు వేసి వచ్చింది.

"నిన్ను పంపేస్తే ఊరేమంటుంది? దాదుల్ని పంపేస్తున్నారు, అంటే బిడ్డ లేడు అంటుంది. ఆ మాట నావల్ల పుట్టాలా?"

"ముగ్గురిని కన్నదాన్ని, నాకు లెక్కలు రావా? పదకొండో నెలలో ఎవరు కంటారమ్మగారూ?"

"నీకేం తెలీదు. నాకూ తెలీదు. బిడ్డ పుట్టకపోతే సింహాసనం రాణిగారి చెల్లెలిది. అంత మాట ఈ గదిలోంచి బయటికి పోకూడదు."

"మరి నా పిల్ల?"

దొరసాని గిన్నె చేతికిచ్చి, కడిగి తెమ్మంది.

ఆవిస్ గిన్నెను తూము రాయికేసి కొట్టింది. సొట్ట పడింది. మర్నాడు ఇంకో గిన్నె ఇచ్చారు.

ఆగస్టు మొదట్లో ఒక పొద్దున రాణి పరివారం మరో ప్యాలెస్‌కు బయల్దేరింది. గదులు శుభ్రం చేయాలన్నారు, అంతే. ఉయ్యాలకు గుడ్డ కప్పి, దాదుల్ని ఇళ్లకు పొమ్మన్నారు. బిడ్డ లేడని మాత్రం ఎవరి నోటా రాలేదు.

ఆవిస్ నేరుగా మాడ్లిన్ ఇంటికి పరిగెత్తింది. పార్నెల్ మెడ సన్నబడింది, కళ్లు పెద్దవయ్యాయి. తల్లిని చూసి ఏడ్చి, మాడ్లిన్ భుజంలో మొహం దాచుకుంది. రొమ్ము అందిస్తే తల తిప్పేసుకుంది.

"ఏడవకమ్మా, కొత్త చేసింది," అంది మాడ్లిన్. "రొట్టె ముక్క పాలలో ముంచి వేలితో పెట్టి చూడు."

తన పాలే గిన్నెలోకి పిండి, రొట్టె నానేసి, వేలితో అందించింది ఆవిస్. పార్నెల్ అనుమానంగా నోరు తెరిచి చప్పరించింది. ఉన్నట్టుండి కసుక్కున కొరికింది.

"అమ్మో! పన్ను! ఎప్పుడొచ్చిందే దీనికి?"

"పోయిన నెలలోనే. నీకెవరూ చెప్పలేదూ?"

ఆవిస్ వేలు నొప్పెడుతున్నా వెనక్కి తీసుకోలేదు.