గురువుల పళ్లెంలో కోడి

మేం వలసొచ్చిన షామ్‌బర్గ్‌లో, మా తెలుగువాళ్ల ఉగాది కార్యక్రమంలో, ఎనభైల మొదట్లో జరిగిందిది. మరిచిపొమ్మని చాలామంది చెప్పారు. నేను మరిచిపోలేదు.

నేను పనిచేసే ఆసుపత్రి లాండ్రీలో ఒక కంబోడియా ఆవిడ ఉండేది. చిన్నతనంలో అక్కడి రాజభవనంలో నాట్యం నేర్చుకుంది. దుప్పట్లు మడతపెడుతూ వేళ్లు వెనక్కి వంచి చూపిస్తే, నేను కూచిపూడిలో నేర్చిన హస్తాలకు దూరపు చుట్టాల్లా ఉండేవి. అప్సరసలు, గరుడుడు, నాగరాజు వాళ్లకీ ఉన్నారు. నాట్యానికి ముందు బుద్ధుడికి మూడుసార్లు మొక్కి, ఋషి ముఖం చెక్కిన మాస్కు దగ్గర గతించిన గురువులకు పళ్లెం పెడతారు. అది పెట్టనిదే అడుగు వేయరు.

ఆమె గురువులు ముగ్గురూ అక్కడి నియంత పోల్‌పాట్ రోజుల్లో ఆకలితో పోయారు. "ఇక్కడికొచ్చాక వాళ్లకి ఒక్కసారీ పెట్టలేదు. ఆడడానికి చోటేది?" అంది వచ్చీరాని ఇంగ్లీషులో. మా స్టేజి మీద ఆడమని పిలిచింది నేనే.

ఆ మధ్యాహ్నం గంటలు, వెదురు పలకల వాద్యం వినిపించే పాత క్యాసెట్ తెచ్చుకుంది. తెర వెనక పళ్లెం సర్ది, కిరీటం పెట్టుకోవడానికి వెళ్లింది. పళ్లెంలో అరటిపళ్లు, తమలపాకులు, అగరువత్తులు, ఉడికించిన కోడి ఉన్నాయి.

మా సంఘం సెక్రెటరీగారి భార్య నావైపు తిరిగి కెవ్వుమంది. "ఏమండీ, వినాయకుడి పూజ చేసిన స్టేజి మీద కోడా! మీరు ముందే చెక్ చేయలేదా?"

"వాళ్ల గురువులకండీ," అన్నాను.

"గురువులకి చికెనేమిటండీ! బుద్ధుడు అహింస అన్నాడుగా!"

పక్కనున్నావిడ, "గురువుగారు నాన్‌వెజ్ కాబోలు," అంది. అందరూ నవ్వారు. కోడిని ఫాయిల్‌లో చుట్టి సెక్రెటరీగారి కారు వెనక ట్రంకులో పెట్టించారు. పళ్లెంలో ఆ ఖాళీలో లడ్డూలు పేర్చారు. ప్రోగ్రాం జరిగితే చాలనుకుని నేను నోరు మూసుకున్నాను.

ఆమె కిరీటంతో వచ్చి మోకాళ్ల మీద కూర్చుని పళ్లెం చూసింది. "కోడి ఏది?"

"లడ్డూ కూడా మంచిదే. మేం దేవుడికి పెడతాం," అన్నాను.

"మా టీచర్ చివర్లో అన్నం కూడా అడగలేదు. కోడి తిన్నట్టు కలొచ్చిందని చెప్పేది," అంది. కిరీటం తీసేసింది.

"అనౌన్స్ చేసేయండి, టైమ్ అయిపోతోంది," అంది సెక్రెటరీగారి భార్య. మైకు పట్టుకుని, అనివార్య కారణాల వల్ల ఈ అంశం లేదని చెప్పింది కూడా నేనే.

సెక్రెటరీగారి భార్య ఇప్పటికీ, "ఆ కంబోడియా ఆమె లాస్ట్ మినిట్‌లో హ్యాండిచ్చింది," అంటుంది. అన్నప్పుడల్లా పదిమందిలో దిద్దుతాను. "ఇంకా అదేనా?" అంటారు. అదే.

ఆ రోజు ట్రంకు తాళం సెక్రెటరీగారి జేబులో ఉంది. ఆయన స్టేజి మీద ఉపన్యాసంలో ఉన్నారు. కోడి ఎక్కడుందో నేను చెప్పగానే, జరీ బట్టల మీద ఆసుపత్రి కోటు వేసుకుని ఆమె పార్కింగ్ లాట్‌లో ఆ కారు పక్కన నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు. వందన సమర్పణ కూడా అయ్యాక ఆయన వచ్చి ట్రంకు తెరిచారు. ఉగాదికి కూడా వదలని చలికి కోడి గడ్డకట్టుకుపోయింది. ఆమె రెండు చేతులా అందుకుని, ఫాయిల్ విప్పి, గురువులు తిని ఏమైనా తగ్గిందేమోనని చూసుకుంది.