వేపచెట్టు అనుమతి

ఆదిశేషయ్యగారికి చెట్టును అడగకుండా ఆకు కోయడం చేతకాదు. ఇది తప్ప లోకంలో మరే లోపమూ లేని మనిషి. హజీరా ఫ్యాక్టరీలో బాయిలర్ల నడుమ ఇంజనీరుగా ఉద్యోగం వెలగబెట్టి, రిటైరయ్యాక కోసాడ్‌లో వలసొచ్చిన తెలుగు మగ్గాల పనివాళ్ల కాలనీలో ఓ గది తీసుకుని, తెగుళ్లు పట్టిన పాదులకు ఆకుల కషాయాలు కాచి పోయడమే వ్రతంగా పెట్టుకున్నారు.

ఆకు కోయవలసిన చెట్టును ముందురోజు మునిమాపునే పిలవాలన్నది వారి తాతగారి శాసనం. చెట్టు మొదట్లో పసుపు బియ్యం చల్లాలి, విన్నవించుకోవాలి, చెట్టు ఒప్పుకునేదాకా నిలబడాలి. ఎత్తయిన వాటి కింద నిలబడితే తలకు హెల్మెట్ ఉండాలన్నది పాత కంపెనీ శాసనం. రెంటి మధ్య ఆయన ఏనాడూ పక్షపాతం చూపలేదు. చేతిలో పసుపు బియ్యం, నెత్తిన పసుపు హెల్మెట్.

ఆయన పిలిచే వేపచెట్టు కాలువ గట్టు చివర, మూతపడిన మగ్గాల షెడ్డు వెనక ఉంది. షెడ్డుకు కరెంటు తీసేసి ఏళ్లయినా, పొద్దు వాలితే లోపల మగ్గం ఆడుతుందని కాలనీలో సగం మంది సాక్ష్యం. ఓ సాయంత్రం ఆ గోడ చాటున బీడీ కాల్చుకుంటున్న లస్మయ్యకు చీకట్లోంచి మెల్లగా ఓ గొంతు వినిపించింది.

"రేపు పొద్దున్నే వస్తాను. సిద్ధంగా ఉండు. నొప్పి తెలియకుండా తీసుకుపోతాను."

లస్మయ్య చెప్పులు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. మనిషి మాత్రం బీడీ మానేశాడు.

ఆ గట్టు పక్కనే లలితమ్మ సొరపందిరి. మిల్లులో దారం చుట్టీ చుట్టీ ఆమె ఛాతీలో నూగు పేరుకుంది. మళ్లీ ఆ దుమ్ములోకి పోతే మనిషి దక్కదని డాక్టరు చెప్పాడు. ఈ పాదులు పోతే మిల్లు తప్ప దారి లేదని ఆమెకూ తెలుసు. అలాంటి పాదుల మీద ఓ పొద్దున తెల్లటి పొడి కనిపించింది. వేలితో రాస్తే బూడిద. కాటిలోంచి ఎవరో దోసిళ్లతో తెచ్చి పందిరంతా చల్లిపోయినట్టుంది.

"గిదేంది సారూ, ఎవలన్న చేతబడి చేసిండ్రా?"

"బూడిద తెగులమ్మా. చేతబడే నయం, బతిమాలితే మంత్రగాడైనా వింటాడు. వేపాకు, వెల్లుల్లి కషాయం కొడదాం. అయితే..."

"చెట్టునడగాలె."

"అడగాలి."

"ఒద్దంటే?"

"ఇంతవరకు అనలేదు. ఊరికే మాత్రం ఎప్పుడూ ఒప్పుకోలేదు."

ఆ చెట్టుకు కోరికలుండేవి. మర్నాడు చాయ్ బండి దగ్గర ఆదిశేషయ్యగారు తీర్పు చదివినట్టు చెప్పారు: "సంపత్తూ, మీ అటక మీది మందుకొట్టే పంపు కిందికి దిగాలంటోంది."

మగ్గాల మేస్త్రీ సంపత్ తాగుతున్న గ్లాసు కింద పెట్టేశాడు. "నా అటక మీద పంపున్నదని దానికెట్ల ఎర్క?"

"అది నాకు చెప్పలేదు."

"తీస్కపోండ్రి సార్! ఇంకేమన్న అడిగిందా?"

"నిన్ను కూడా అడిగింది. తెగులు పట్టిన ఆకులు తుంచడానికి."

ఒకరి సాయం పట్టని మనిషి లలితమ్మ. వచ్చినవాళ్లను చీపురుతో తోలిన చరిత్ర ఉంది. కానీ సంపత్ చేతులు కట్టుకుని "చెట్టు పంపింది అక్కా" అంటే ఏమంటుంది? మనుషులతో కొట్లాడొచ్చు గానీ చెట్టుతో ఎట్లా?

కషాయంలో ఆకుకు అంటుకోవడానికి కుంకుడు రసం కలిపి, ముక్కులకు గుడ్డలు కట్టుకుని, ఎండ చల్లారాక కొట్టారు. ఆ వాసనకు కుక్కలు సైతం దారి మార్చుకున్నాయి. మెల్లగా కొత్త చిగుళ్లు పచ్చగా నిలిచాయి. పిందెలు దిగాయి.

అప్పుడు లలితమ్మకు అనుమానమూ దిగింది. పంపు కావలసింది తనకైతే చెట్టెందుకు అడిగింది? అంతకు ముందు లస్మయ్య బిడ్డకు జ్వరమొస్తే ఇదే చెట్టు ఆటో అడిగింది. ఆటో ఎక్కి చెట్టు ఎక్కడికి పోతుంది?

ఆ మునిమాపు ఆమె వేప మొదలు వెనక నక్కింది. కరెంటు పోయింది. చుట్టుపక్కల మగ్గాలన్నీ ఒక్కసారిగా నోరు మూసుకున్నాయి. ఆకు కదలడం లేదు. చీకట్లో పసుపు హెల్మెట్ ఒక్కటే గాల్లో తేలుతూ వచ్చి ఆగింది.

"అమ్మా, రేపు ఇంకో నాలుగు రెమ్మలు కావాలి." జవాబు విన్నట్టు హెల్మెట్ ఊగింది. "పాదు నిలబడింది. కానీ నీళ్లు మోసేటప్పుడు ఆ పిల్ల దగ్గుతోంది. బిందెలు లస్మయ్య చేత మోయిద్దామా? ఆమె అడగదు తల్లీ. మనమే అడగాలి."

లలితమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పట్టలేక దగ్గింది.

హెల్మెట్ కిందపడింది. "తల్లీ... నీకూ పట్టుకుందా?"

బయటికి వద్దామనే అనుకుంది. కానీ ఇలాంటి అవకాశం మళ్లీ రాదు. గొంతు లావు చేసుకుంది.

"శేషయ్యా!"

"చి... చిత్తం!"

"ఒక్కనివే కూసొని చాయ్‌ల బ్రెడ్డు ముంచుకొని తినుడు బందువెట్టు. రేపటి సంది రాత్రి బువ్వ లలితమ్మ ఇంట్ల తిను."

వేపచెట్టు ఇంత చక్కటి కరీంనగర్ యాస మాట్లాడటం గురించి ఆదిశేషయ్యగారు చాలాసేపు ఆలోచించినట్టున్నారు. "ఆజ్ఞ" అన్నారు చివరికి.

మర్నాడు పొద్దుగూకగానే కంచంతో, హెల్మెట్‌తో గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు.

"చెట్టు చెప్పిందమ్మా. కాదనలేను."

"రాండ్రి సారూ. మన పందిరి సొరకాయే, పప్పుల ఏసిన." ఆమె నవ్వు దాచుకుంది.

ఆయన కూర్చుని హెల్మెట్ తీసి పక్కన పెట్టారు. "దగ్గు నీదని తెలిసింది. గొంతూ నీదే. నేను ఆజ్ఞ అన్నాక పైకొమ్మల్లోంచి నవ్వావు చూడు, అదొక్కటి బాగా భయపెట్టింది."

లలితమ్మ గరిటె గాల్లోనే ఆగింది.

"నేను నవ్వలే సారూ."

ఆదిశేషయ్యగారు నిదానంగా హెల్మెట్ తీసి మళ్లీ నెత్తిన పెట్టుకున్నారు.

"తలుపు దగ్గరికి వేసి వడ్డించమ్మా. కడుపునిండా తినమనే కదా దాని ఆజ్ఞ!"