మూడు లైన్ల ధ్రువపత్రానికి రెండు పేజీల పొగడ్త

పదవీ విరమణకు ఇంకా పదకొండు నెలలు ఉండగా నన్ను విదేశీ ధ్రువపత్రాల సెక్షన్‌కు సూపరింటెండెంట్‌గా వేశారు. నయాపూల్ దాటాక కోర్టుల పక్క సందులో, అడ్వకేట్ల పేర్లు నమోదు చేసే కార్యాలయం మాది. మన వకీలు ఏ దేశంలో పని చేయాలన్నా నా సంతకం లేనిదే ఫైలు కదలదని శాలిబండ హోటల్లో చాయ్ తాగుతూ చెప్పుకునేవాణ్ణి. నిజానికి ఆ సెక్షన్‌లో ఉన్నది నేనొక్కణ్ణే. ఏడాదికి నాలుగైదు ఫైళ్ళొస్తే గొప్ప. సంతకం సెక్రటరీగారిది. నాది పక్కన గీకే పొడి సంతకం.

పని మాత్రం సున్నితమైనది. పరాయి దేశంలో అక్కడి వకీలు పరీక్ష రాయకుండానే మనవాళ్ళు ‘విదేశీ న్యాయ సలహాదారు’ లైసెన్సు తీసుకోవచ్చు. అయితే మన దేశపు చట్టం మీదే సలహా ఇవ్వాలి. అక్కడి కోర్టులో నిలబడకూడదు, అక్కడి చట్టం గురించి నోరెత్తకూడదు. ఆ లైసెన్సుకు ఇన్నేళ్ళు ప్రాక్టీసు చేశామన్న రుజువులతోపాటు మా ధ్రువపత్రం కావాలి. ఫలానా తేదీన పేరు నమోదైంది, ఇప్పటికీ జాబితాలో ఉంది, ఫిర్యాదులేమీ లేవు. మూడే లైన్లు.

శాలిబండలో పాల వ్యాపారం చేసే ఇంటి నుంచి వచ్చిన సుగుణ అనే అడ్వకేటు ఆ పత్రం కోసం వచ్చింది. పదకొండేళ్ళుగా వారసత్వం, ఆస్తి పంపకాల కేసులు చూస్తోంది. కెనడాలో ఒక న్యాయవాద సంస్థ ఆమెకు ఉద్యోగం ఇస్తామంది. అక్కడ స్థిరపడ్డవాళ్ళకు ఇక్కడి ఆస్తుల సంగతి చెప్పే పని. మూడు నెలల్లో లైసెన్సు రాకపోతే ఇంకొకరిని తీసుకుంటామని కూడా చెప్పారు.

మా పేటమ్మాయి అంత దూరం పోతుంటే మూడు లైన్లు ఇచ్చి పంపడం నాకు పిసినారితనంగా తోచింది. మా ఆఫీసులో ఎవరు రిటైరైనా సన్మానపత్రం రాసేది నేనే. ఆ చెయ్యి ఊరుకోలేదు. లెటర్‌హెడ్ మీద రెండు పేజీలు దంచాను. ఈమె ఏ దేశపు కోర్టులోనైనా వాదించగలదన్నాను. అది చాలక, ‘కెనడా చట్టాలపై సైతం అక్కడివారికి ఫోన్‌లో విలువైన సలహాలిస్తూ పేరు గడించినది’ అని చేర్చాను. గుండ్రటి ముద్ర ఒకటి, పొడుగు ముద్రలు రెండు కొట్టాను. నా పొడి సంతకం కనిపిస్తే సెక్రటరీగారు చదవరు. ముప్పై రెండేళ్ళు కష్టపడి సంపాదించుకున్న నమ్మకం అది.

కవరుకు సీలు వేసి మేమే నేరుగా పంపాలి కాబట్టి సుగుణ కూడా చదవలేదు. నెలన్నరకు అక్కడ లైసెన్సులిచ్చే సంస్థ నుంచి ఆమెకు ఈమెయిలు వచ్చింది. లైసెన్సు లేకుండా మా చట్టంపై సలహాలిస్తున్నట్టు మీ దేశపు కార్యాలయమే తెలిపింది, సంజాయిషీ ఇవ్వండి, అంతవరకు దరఖాస్తు ఆపుతున్నాం అని.

ఆమె ఆ ఈమెయిలు ప్రింటు తీసి నా బల్ల మీద పెట్టింది. గొంతు పెంచలేదు.

“నేను గట్ల సలహాలిచ్చినట్టు మీకెవరు చెప్పిండ్రు సార్?”

ఎవరూ చెప్పలేదని, గొప్పగా ఉంటుందని రాశానని ఒప్పుకున్నాను.

“మంచిగుంది. అబద్ధం మీరు రాసిండ్రు, లైసెన్సు నాది పోతది.”

నియమాలన్నీ కంఠతా వచ్చని అందరికీ చెప్పుకున్నవాణ్ణి నేను. ఆ నియమాలు ఆరోజు మధ్యాహ్నం మొదటిసారి పూర్తిగా చదివాను. పైన నేను వివరించిన షరతులన్నీ అప్పుడు తెలుసుకున్నవే.

పోయి సెక్రటరీగారికి చెప్పాను. మూడు లైన్ల ఫారం నింపడం ఇన్నేళ్ళలో రాలేదా అన్నారు. చదవకుండా సంతకం పెట్టింది తమరే కదా అని నేను అనలేదు. నా పెన్షన్ కాగితాలు ఆయన బల్ల మీదే ఉన్నాయి. ఒకటే దారి చెప్పారు. రాసింది నా కల్పన అని నేనే ప్రమాణపత్రం ఇవ్వాలి, దాంతో పాటు కార్యాలయం సరైన పత్రం పంపుతుంది. సర్వీసు రిజిస్టరులో మచ్చ పడుతుందని కూడా అన్నారు. ఒక రోజు గడువడిగాను. సుగుణకు మిగిలింది నలభై రోజులే కాబట్టి సాయంత్రానికే ఒప్పుకున్నాను.

కోర్టు గేటు దగ్గర కూర్చునే నోటరీ యూసుఫ్ భాయ్ నా కాగితం రెండుసార్లు చదివాడు.

“అఫిడవిట్ల అబద్ధాలు మస్తు చూసిన భాయ్. అబద్ధం రాసిన అని రాసుకొచ్చినోన్ని మాత్రం నిన్నే చూస్తున్న” అని ముద్ర కొట్టాడు.

గడువుకు ఆరు రోజుల ముందు సుగుణకు లైసెన్సు వచ్చింది. నాకు లిఖితపూర్వక హెచ్చరిక వచ్చింది. హెచ్చరిక కూడా మూడు లైన్లే. అంతకంటే స్పష్టమైన కాగితం ఆ ఆఫీసులో నేను చూడలేదు.

ధ్రువపత్రం రాసేవాడు రిజిస్టరులో ఉన్నది రాయాలి, లేనిది రాయకూడదు. మొదటిది నాకు ఉద్యోగంలో చేరిన వారంలోనే వచ్చింది. రెండోది వచ్చేసరికి ఇంకొకరి ఉద్యోగం పోయేదాకా వచ్చింది.