బొమ్మల వరకే కత్తిరించిన కూపన్లు

నా చిన్నప్పుడు బడి మా ఇంటికి కూతవేటు దూరంలోనే ఉండేది. అయినా నాకు అక్షరం అంటలేదు. ఇంట్లో పెద్దపిల్లను నేనే. అమ్మ పొగాకు పనికి వెళ్తే తమ్ముడు నా చంకలో ఉండేవాడు. ఒకసారి వాణ్ణి ఎత్తుకునే బడికి వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. వాడు ఏడుపు లంకించుకున్నాడు. పంతులుగారు ఇద్దర్నీ కలిపి బయటికి పంపారు. తర్వాత తమ్ముడు పెద్దయి అదే బడికి వెళ్లాడు, నేను వాడికి అన్నం క్యారేజీ మోసుకెళ్లాను. ఆపైన పెళ్లి, మిరప తోట, పిల్లలు. ఇన్నేళ్లూ నేనేమీ రాయకపోవడానికి కారణం అదే తప్ప, చెప్పుకోవడానికి ఏమీ లేక కాదు.

అందుకే చిన్ననాటి ముచ్చట చెప్పమంటే నాకు ముందుగా అమెరికాలోని జెర్సీ సిటీ గుర్తొస్తుంది. అప్పటికి నా జుట్టు సగం నెరిసింది. అయినా అక్షరాలు దిద్దుకున్న వయసే చిన్నతనమైతే, నాది అక్కడ, ఎత్తయిన ఒక అపార్ట్‌మెంటులో గడిచింది. మా అమ్మాయి పురిటికని వెళ్లి, ఆమె మళ్లీ ఉద్యోగంలో చేరాక మనవణ్ణి చూసుకుంటూ ఉండిపోయాను. మా అల్లుడుగారు పొద్దున్నే రైలెక్కి మన్‌హట్టన్ వెళ్లేవారు. నెమ్మదైన మనిషి. నన్ను ఒక్కనాడూ చిన్నచూపు చూడలేదు. నాకు మాత్రం ఆయనంటే ఒక భయం ఉండేది. పెళ్లి మాటల్లో మా అమ్మాయి, "మా అమ్మ ఏడో తరగతి దాకా చదివింది" అని చెప్పేసింది. నా పరువు కోసమే చెప్పింది పాపం. అప్పట్నుంచీ ఆ ఏడో తరగతిని మోసేదాన్ని నేను. టీవీలో అక్షరాలు పడితే కళ్లజోడు వెతుక్కునేదాన్ని. ఊళ్లో అయితే నోటు రంగు చూసి అది ఎంతదో చెప్పేదాన్ని. అక్కడ నోట్లన్నీ ఒకే పచ్చ. కొట్టుకు వెళ్తే చేతులు కట్టుకుని అల్లుడుగారి వెనకాల నడిచేదాన్ని.

అవి చాలామందికి ఉద్యోగాలు పోతున్న రోజులు. ఉన్నవాళ్లు కూడా ఆచితూచి ఖర్చుపెట్టేవాళ్లు. ఆ బిల్డింగులో కూపన్ల విషయంలో అందరికీ గురువు మా పక్కింటి అక్కయ్య. వరంగల్ వైపు మనిషి, చిన్నపిల్లలకు పాఠాలు చెప్పి రిటైరయి కొడుకు దగ్గరికి వచ్చింది. ఆదివారం పేపరుతో రంగురంగుల కాగితాలు వచ్చేవి. కత్తిరించి కొట్టులో ఇస్తే సబ్బుకు ఇంత తగ్గింపు, వెన్నకు ఇంత అని. ఇరుగుపొరుగు పారేసేవి కూడా అడిగి తెచ్చుకునేది. పెళ్లి ఫొటోలు పెట్టుకునే ఆల్బమ్‌లో ఫొటోల బదులు కూపన్లు ఉండేవి. ఏ కొట్టు కూపన్ మీది తగ్గింపును రెట్టింపు చేస్తుందో, ఏ వారం సబ్బు దాదాపు ఊరికే వస్తుందో అడిగితే చాలు, చెప్పేసేది. "కూపన్ ఉన్నదని కొనుడు కాదు చెల్లె, కొనేదానికి కూపన్ వెతకాలె" అనేది. చింతపండుకూ కందిపప్పుకూ ఎవరూ కూపన్ వెయ్యరేమని మాత్రం ఆమెకు ఎప్పుడూ ఒక బాధ.

ఒక ఆదివారం ఆ కాగితాలు మా ఇంటికి కూడా ఒక కట్ట ఇచ్చింది. మా అమ్మాయి పిల్లాడికి స్నానం చేయిస్తూ, "అమ్మా, అవి కాస్త కత్తిరించి కవర్లో పెట్టవూ, మధ్యాహ్నం ఆయన షాపుకి వెళ్తారు" అంది. నాకు సంతోషమేసింది. కత్తెర పట్టడం నాకు వచ్చిన పని. రవికెలు కుట్టిన చెయ్యి. పెరుగు డబ్బాను గుండ్రంగా, వెన్న పెట్టెను అంచు చెదరకుండా, సబ్బు మీది పువ్వు రేకు కూడా తెగకుండా కత్తిరించాను. చుట్టూ మిగిలిన రాతలూ నల్ల గీతలూ పీలికలుగా రాలాయి. గుడ్డ కత్తిరించాక మిగిలే ముక్కల్లాగే కనబడ్డాయి నాకవి. ఊడ్చి చెత్తబుట్టలో వేశాను.

మధ్యాహ్నం అల్లుడుగారు, నేను, అక్కయ్య కలిసి కారులో వెళ్లాం. బండి నిండా సరుకులు వేసుకుని కౌంటరు దగ్గర వరసలో నిలబడ్డాం. మా వెనక అక్కయ్య, ఆమె వెనక ఇంకా చాలామంది. అల్లుడుగారు కవరు విప్పి కౌంటరు మీద బోర్లించారు. పెరుగు డబ్బాలు, వెన్న పెట్టెలు, సబ్బులు, అన్నీ బొమ్మలే. కౌంటర్లో అమ్మాయి ఒకటి తీసి వెనక్కీ ముందుకీ తిప్పింది. నవ్వాపుకుని ఇంగ్లీషులో ఏదో అడిగింది. అల్లుడుగారు నా వైపు తిరిగారు.

"అత్తయ్యగారూ, కోడ్ ఏదండీ? డేట్ కూడా లేదు. ఇవి స్కాన్ అవ్వవు కదా."

ఆ క్షణాన నా చెవులు వేడెక్కిపోయాయి. నల్ల గీతలంటే సరే, ఎవరైనా పొరబడొచ్చు. కానీ చదవగలిగిన మనిషి ఎవరైనా అక్షరాలను చెత్తలో వేస్తారా? ఏడో తరగతి అక్కడే, ఆ కౌంటరు మీదే, అందరి ముందూ రాలిపోబోతోంది.

"అయ్యో, గవి నావి బాబు!" అంది వెనకనుంచి అక్కయ్య. "నేనే కత్తిరియ్యమన్న మీ అత్తమ్మను. మా మనవరాలికి బొమ్మలు చూపిచ్చి తెలుగు నేర్పుదామని. కవర్లు అటిటు అయినట్టున్నయ్. ఇగో, మీవి నా దగ్గరున్నయ్." అంటూ ఆల్బమ్ తెరిచి తన కూపన్లు ఒక్కొక్కటే తీసి కౌంటరు మీద పెట్టింది. అల్లుడుగారు నవ్వి, "ఓ, ఓకే ఆంటీ, నేను కంగారుపడ్డాను" అన్నారు.

నేను వెనక్కి తిరిగి చూసేసరికి అక్కయ్య తన బండిలోంచి సబ్బులూ వెన్నా తీసి పక్కనున్న అరలో పెట్టేస్తోంది. వారాల తరబడి దాచుకున్న కూపన్లు నాకిచ్చేసింది మరి. "ఇయ్యాల నాకు గివన్ని వద్దుతీ" అంది, నేనేమీ అడగకుండానే.

దారిలో ఆమె ఆ ఊసే ఎత్తలేదు. వాతావరణం గురించి, వాళ్ల కోడలు చేసే పాస్తా గురించి మాట్లాడింది. అల్లుడుగారు కారు పెట్టడానికి వెళ్లాక, లిఫ్టు దగ్గర నెమ్మదిగా అంది.

"రేపు వీళ్లు ఆఫీసుకు పోంగనే మా ఇంటికి రా చెల్లె. ఆ బొమ్మలు పట్టుకరా."

"ఎందుకక్కయ్యా?"

"అబద్ధమాడిన గదా. దాన్ని నిజం చెయ్యొద్దా?"

అలా మొదలైంది నా చదువు. మనవణ్ణి ఆమె ఇంట్లో దుప్పటి మీద పడుకోబెట్టి, ఖాళీ అట్టపెట్టెలు కోసి వాటి మీద నా బొమ్మలు అంటించాం. కింద ఆమె లావుగా పేరు రాసేది, నేను దాని మీద దిద్దేదాన్ని. పిల్లలు అందరూ అ, ఆలతో మొదలుపెడతారు. నాకు వెన్న, సబ్బు, బ్రష్షు ముందొచ్చాయి. గుణింతాలు రాకముందే ఒత్తులు వచ్చాయని అక్కయ్య పడీపడీ నవ్వేది. పాలలో వేసుకునే ఆ కార్న్‌ఫ్లేక్స్ పెట్టె బొమ్మ కింద ఏం రాయాలో తెలియక ఇద్దరం ఆలోచించి 'అటుకులు' అని రాసుకున్నాం. నేను తప్పు దిద్దితే ఆమె తప్పు అనేది కాదు. "ఇంకోపారి రాయి, బాగ కుదురుతది" అనేది. కొట్టులో జరిగిన దాని గురించి మా మధ్య ఆ తర్వాత ఒక్క మాట కూడా రాలేదు.

చలికాలం గడిచి, చెట్లకు మళ్లీ ఆకులొచ్చేసరికి నేను కూడబలుక్కుని చదవగలుగుతున్నాను. ఒక ఆదివారం కొట్టునుంచి తేవలసిన సరుకుల చీటీ నేనే రాశాను. పెరుగు, వెన్న, శనగపిండి, మెంతికూర. గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా. మా అమ్మాయి చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. అల్లుడుగారి చేతికి నేనే ఇచ్చాను. ఆ చీటీ ఇస్తుంటే ఇన్నాళ్లూ మోసిన ఏడో తరగతి అప్పుడు నిజంగా నాదయినట్టు అనిపించింది. ఆయన దాన్ని కాసేపు చూసి, "ఓకే అత్తయ్యగారూ" అని జేబులో పెట్టుకున్నారు.

తిరిగొచ్చారు. సంచీలో పెరుగు లేదు, పాలు ఉన్నాయి. శనగపిండి లేదు, మైదా ఉంది. మెంతికూర బదులు కొత్తిమీర.

"ఇదేంటి, చీటీ ఇచ్చాం కదా?" అంది మా అమ్మాయి. "అమ్మ అంత నీట్‌గా రాస్తే! అసలు చూశారా, చూడలేదా? ఏదో గెస్ చేసి తెచ్చినట్టుంది."

"అంటే... చూశాను... అదీ..." అన్నారాయన. చూస్తుండగానే ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

ఆ ఎరుపు నాకు బాగా తెలిసినదే. అద్దంలో చూసుకోలేదు గానీ, కౌంటరు ముందు నా చెవుల్లో పుట్టిన వేడి అదే. అంతే, నాకు అర్థమైపోయింది. ఎలా అర్థమైందని అడిగితే చెప్పలేను.

"నా రాతేనమ్మా," అన్నాను. "కోళ్లు కెలికినట్టు రాశాను. ఎవరికి తెలుస్తుంది? బాబు ఏదో ఊహించి తెచ్చారు, అదే గొప్ప."

"లేదమ్మా, నీ రాత బానే..."

"నువ్వు రోజూ చూస్తున్నావు కాబట్టి తెలుస్తోంది. ఊరుకో. మైదాతో బొబ్బట్లు చేస్తాలే."

నిజం చెప్పొద్దూ, ఆ మాట అనడానికి నా ప్రాణం కొంచెం ఉసూరుమంది. జీవితంలో మొదటిసారి రాసిన చీటీ అది. అయినా అనేశాను. అనేశాక తేలిగ్గా ఉంది.

కాసేపటికి అల్లుడుగారు నీళ్ల కోసమన్నట్టు వంటింట్లోకి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డారు.

"అత్తయ్యగారూ, మీ హ్యాండ్‌రైటింగ్ బాగుందండీ. నాకే తెలుగు చదవడం రాదు. స్కూల్లో సెకండ్ లాంగ్వేజ్ హిందీ, ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం. మాట్లాడటమే వచ్చు. తనకి ఎప్పుడూ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం రాలేదు. ఇంట్లోకి తెలుగు కాగితం రావడం ఇదే మొదలు."

పిండి కలుపుతున్న చెయ్యి ఆపి ఆయన వైపు చూశాను. ఇన్నాళ్లూ నేను భయపడింది ఈ మనిషికా అనిపించింది.

"నేను ఏడో తరగతి కాదు బాబూ," అన్నాను. "ఒక్క పూట బడిలో కూర్చున్నాను, అంతే. ఈ మధ్యనే పక్కింటి అక్కయ్య దగ్గర నేర్చుకున్నాను."

ఆయన నా ముఖంలోకి చూశారు. మెల్లగా ఆయనకు ఏదో స్ఫురించింది. "అంటే ఆ రోజు కూపన్లు..."

"ఆ, అవే."

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఎంత ఆపుకున్నా ఆగలేదు. "ఏంటి అక్కడ?" అని మా అమ్మాయి హాల్లోంచి కేకేసింది. "ఏం లేదు, పిండి పలచనైంది" అన్నాను.

అక్కయ్య నాకు నేర్పింది అక్షరాలేనని చాలాకాలం అనుకున్నాను. అక్షరాలు ఇంకెవరైనా నేర్పేవారేమో. పదిమందిలో ఒక మనిషి లోటు బయటపడబోతున్నప్పుడు చప్పున అడ్డం నిలబడాలని, అలా నిలబడినట్టు ఆ తర్వాత ఎప్పుడూ గుర్తుచెయ్యకూడదని, అందుకు మన బండిలోవి కొన్ని తీసి పక్కన పెట్టాల్సొస్తే పెట్టేయాలని ఆమెను చూసే తెలుసుకున్నాను. ఈనాటికీ వరసలో నా ముందు ఎవరైనా తడబడితే, నా కాలు దానంతటదే ఒక అడుగు ముందుకు పడుతుంది.

మర్నాడు ఉదయం అల్లుడుగారి లంచ్ బాక్స్ మూత మీద తెల్లని టేపు అంటించి, దాని మీద ఆయన పేరు తెలుగులో రాశాను. బూట్లు వేసుకుంటూ చూసి, "ఇదేం ఐటమ్ అండీ?" అన్నారు.

"ఐటమ్ కాదు, మీ పేరు" అన్నాను.

ఆయన వేసుకుంటున్న బూటు వదిలేసి బాక్సును చేతిలోకి తీసుకున్నారు. "ఇందులో మొదటి అక్షరం ఎక్కడిదాకా?" అని అడిగారు. నేను పక్కన కూర్చుని వేలితో చూపించాను. రైలుకు టైమవుతోందని లోపల్నుంచి మా అమ్మాయి అరుస్తూనే ఉంది.